మొదటి సోల పేరు లాభం

ఇవాళ వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే మా అవ్వ ఇత్తడి సోల దొరికింది. అంచు సొట్టపడింది, లోపల ఇంకా జొన్నల వాసన. మా ఊరు బోథ్‌లో, పిండి పట్టించడానికి గిర్నీకి పంపే జొన్నలు అవ్వ దీంతోనే కొలిచేది. మొదటి సోలను ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. ఆ తర్వాతే రెండు, మూడు. మీ ఇళ్లలోనూ అంతే కదా?

నేను లెక్క నేర్చుకున్నది ఆ సోల పక్కనే. రెండో తరగతిలో సారు చాక్‌పీసులు లెక్కపెట్టమంటే "లాభం, రెండు, మూడు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికొస్తే అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచి, "మీ సారు ఎన్నడన్న జొన్నలు కొలిచిండా బిడ్డా?" అంది.

మా పాపది ఇప్పుడు మూడో తరగతి. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా చెప్తుంది. దాని చేతికి సోల ఇచ్చి, "ఇద్దరికి సోలెడు బియ్యమైతే ఆరుగురికి ఎన్ని సోలలు పొయ్యాలె?" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "మమ్మీ, కూడాల్నా, గుణించాల్నా?"

అవ్వ నాకు ఏనాడూ అది చెప్పలేదు. పక్కన కూర్చుని చూశాను, వచ్చేసింది, అంతే. చివరికి దాని చెయ్యి పట్టుకుని బియ్యం పోయిస్తూ, "లాభం..." అన్నాను.

"తప్పు మమ్మీ, ఒకటి!" అని పకపకా నవ్వింది.

అవ్వలా ఎదురు అడుగుదామనుకున్నాను. కానీ పాప ఎన్నడన్నా కొలిచిందా? నేను ఎన్నడన్నా కొలవనిచ్చానా?

"అవును బిడ్డా, ఒకటి," అన్నాను.