తెల్లచీరల ఆట

మొన్న ఆషాఢంలో ఒక సాయంత్రం మోకాళ్ళకు వేడి చేసిన నువ్వుల నూనె రాసుకుంటూ కూర్చున్నాను. నా మనవరాలు టీవీలో ఆడవాళ్ళ టెన్నిస్ చూస్తోంది. పచ్చటి గడ్డి మీద ఇద్దరు అమ్మాయిలు, ఒంటి మీద తెలుపు తప్ప ఇంకో రంగు లేదు. “అమ్మమ్మా, ఈడ కలర్ బట్టలేసుకుంటే ఊకోరట. రూలంట. పాపం గదా,” అంది. ఈ మధ్య మాట్లాడాలంటే కూడా ఓపిక కూడదీసుకోవాల్సి వస్తోంది. కానీ ఆ తెలుపు చూస్తుంటే మా చిన్నత్త గుర్తుకొచ్చింది. రంగు కట్టుకోకూడదనే రూలు ఆమెకు ఇరవై ఒకటో ఏటనే పడింది. దానికి ఆటతో పని లేదు.

చిన్నత్త మా బాపుకు చెల్లెలు. బోథ్ దగ్గరి ఒక పల్లెకు ఇచ్చారు. మూడేళ్ళు తిరగకముందే మామయ్య జ్వరంతో పోతే, ఒక ట్రంకు పెట్టెతో కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చేసింది. బాపు వకీలు. ఇంట్లో మనుషులకు కొదవ లేదు, పనికీ కొదవ లేదు. ఆ పనంతా చప్పుడు లేకుండా చిన్నత్త చేతుల మీదికి జారిపోయింది. నీళ్ళు తోడటం, దంచటం, విసరటం, బాపు తల్లి బాపమ్మకు మడి వంట, ఆ తరువాత నాకు చదువు. ఆడపిల్లను బడికి పంపే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ, దేవుడి ముందు చదువుకునే నాలుగు పద్యాలూ చిన్నత్త పెట్టిన భిక్షే. పద్యం చెప్తూ చెప్తూ గోడకు ఆనుకుని కునికేది. నేను లేపేదాన్ని కాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా ఎదురింట్లోకి సర్కారు దవాఖాన డాక్టరు దిగాడు. ఆయన భార్య హైదరాబాద్‌లో కాలేజీ చదివిన మనిషి, టెన్నిస్ ఆడేది. మా వీధి చివర ఆఫీసర్ల క్లబ్బులో మొరం పోసి చదును చేసిన కోర్టు ఉండేది కానీ, ఆమెకు జోడీ లేదు. తహసీల్దారు భార్య మొదలు అందరినీ అడిగి చూసింది. పరుగెత్తడానికి సిగ్గుపడినవాళ్ళు కొందరైతే, అసలు సంగతి వినగానే వెనక్కి తగ్గినవాళ్ళు మిగతావాళ్ళు. తెల్లబట్టలు కట్టుకోవాలి. నిండు ముత్తైదువ తెల్లచీర కట్టుకుని ఇంట్లోంచి బయటికి వస్తుందా? ఊరు మొత్తం మీద తెల్లచీర కట్టుకోగలిగి, ఆడే వయసున్న మనిషి మా చిన్నత్త ఒక్కతే.

డాక్టరు భార్య మా ఇంటికి వచ్చి, ఇంగ్లీషు పేపరు నుంచి కత్తిరించిన ఒక బొమ్మ చూపించింది. ఇంగ్లండులో ఆడే పేరున్న ఆటగత్తెలు, నలుగురూ తెల్లగౌన్లలో, అంచుల్లో సన్నని లేసు. “పెద్దమ్మా, వీళ్ళు రాణిగారి ముందర ఆడతరు తెలుసా,” అంది. బాపమ్మ ఆ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “పాపం. గింత చిన్న వయసుల అందరి మొగండ్లూ పోయిండ్రా?” అంది. నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. చిన్నత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

బాపు కాదనలేకపోయాడు. ఆ ఏడు ఆయనకు వచ్చిన విషజ్వరం నుంచి గట్టెక్కించింది ఆ డాక్టరే. బాపమ్మ రెండు రోజులు ఆలోచించి, “పసుపు వద్దన్నరు, పూలు వద్దన్నరు, రంగు వద్దన్నరు. బ్యాటు వద్దని ఎవ్వలన్లే,” అని తీర్పు చెప్పింది. తరువాత ఆ బ్యాటు తీగలు గొర్రెపేగులతో చేస్తారని తెలిసి, దాన్ని గడప దాటనివ్వలేదు. అది గొడ్ల కొట్టంలో చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండేది.

పొద్దున్నే, మగవాళ్ళు రాకముందు, నేను తోడుగా వెళ్ళేదాన్ని. నాకు పదమూడేళ్ళు. డాక్టరు భార్య కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకుని అడుగడుగునా చీర సర్దుకుంటుంటే, చిన్నత్త మాత్రం బోథ్ వైపు ఆడవాళ్ళు పొలంలోకి కట్టినట్టు గోచి పోసి కట్టేది. ఆ కట్టులో ఆమె కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంటే కాళ్ళకు ఏదీ అడ్డం పడేది కాదు. కండ్లతో బంతిని పట్టుకునేది. నెలలు గడిచేసరికి డాక్టరు భార్యే ఆయాసపడి, “జర ఆగు తల్లీ, నేను మనిషిని,” అనేది.

ఏడాది తిరిగాక, శివరాత్రి దాటిన ఎండల్లో, బొగ్గుగనుల వైపు క్లబ్బు నుంచి ఒక ఆడజట్టు ఆటకు వస్తోందని కబురు వచ్చింది. సాయంత్రం, అందరి ముందూ. బాపు చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, “ఆడనియ్యి. గాని నలుగురి నోళ్ళల్ల పడ్డమంటే గదే ఆఖరు. మళ్ళ బ్యాటు ముట్టద్దు,” అన్నాడు. చిన్నత్త తల ఊపింది. ఆ వారమంతా పద్యం చెప్తూ ఒక్కసారి కూడా కునకలేదు.

ఇటు వైపు చిన్నత్త, డాక్టరు భార్య. వచ్చినవాళ్ళు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. అక్క ఒక ఇంజనీరు భార్య, తెల్లచీర కట్టినా నిండా గాజులు, నుదుట పావలాకాసంత కుంకుమ. చెల్లెలు కాలేజీ పిల్ల, మోకాళ్ళు దాటని తెల్లలంగా వేసుకుంది. క్లబ్బు పెద్దమనుషులు ఆ మోకాళ్ళ వైపు చూడకుండా ఉండటానికి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంతలో ఊరికి కొత్తగా వచ్చిన ఒక అధికారి భార్య కుంకుమ పళ్ళెం పట్టుకుని కోర్టులోకి వచ్చింది. ఆటకు ముందు నలుగురికీ బొట్టు పెట్టాలని ఆమె ముచ్చట. నలుగురూ తెలుపులోనే ఉన్నారు, ఎండకు చిన్నత్త కొంగు నుదుటి దాకా లాక్కుంది. ఆ మహాతల్లి ముందుగా చిన్నత్త దగ్గరికే వచ్చి వేలు ముంచింది.

“నాకు వద్దమ్మా,” అంది చిన్నత్త, మెల్లగా. “నాకు పెట్టద్దు.”

ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. సంగతి తెలిసి, పాపం, ఆమె ముఖం మాడిపోయింది. మిగిలిన ముగ్గురికీ గబగబా పెట్టేసి వెళ్ళిపోయింది. ఇంజనీరు భార్య చెల్లెలితో గొంతు తగ్గించే అంది కానీ అందరికీ వినబడింది. “గిట్లాంటామెకు ఎదురుంగ నిలబడి ఆడాల్నా మనం?”

చిన్నత్త బ్యాటు చంకలో పెట్టుకుని నా వైపు తిరిగింది. “పోదాం పా బిడ్డా.” ఆ గొంతులో కోపం లేదు. రోజంతా విసిరి విసిరి తిరగలి పక్కనే కూలబడే మనిషి గొంతు అది.

అప్పుడు ఆ లంగా పిల్ల బ్యాటుతో నెట్టును తట్టి, “నడుమ గీ అడ్డం ఉన్నది గదక్కా. శకునం దీన్ని దాటి రాదులే. వస్తె నేను కొట్టి అవతలికి పంపిస్త,” అంది. ఎవరో నవ్వారు. నవ్వు కుర్చీల వరుస పొడుగునా పాకింది. ఇంజనీరు భార్యకు కూడా మూతి బిగించి ఉండటం చేతకాలేదు. చిన్నత్త బాపు వైపు చూసింది. బాపు లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని కుర్చీలోనే వెనక్కి ఆనుకున్నాడు. నేను లోపల్లోపల రాజన్న దేవుడికి మొక్కుకున్నాను.

ఆడారు. ముత్తైదువలు గాజులు పైకి తోసి వాటి మీద రుమాళ్ళు కట్టుకున్నారు. ఎండ మొరం మీద పడి ముఖాల మీదికి కొడుతోంది. ఎంతసేపటికో చూస్తే డాక్టరు భార్య నుదుట బొట్టు లేదు, చెమటకు కారిపోయింది. కాలేజీ పిల్లది ముందే పోయింది. ఇంజనీరు భార్య ముఖం తుడుచుకుంటే పావలాకాసంత కుంకుమా రుమాల్లోకి వెళ్ళిపోయింది. ఆమెకు ఆ ధ్యాసే లేదు. బంతి కోసం పరుగెడుతూ, “నాది, నాది, నువ్వు జరుగు,” అని చెల్లెలి మీద అరుస్తోంది.

ఆలస్యంగా వచ్చిన ముసలి మున్సబు ఒకాయన బాపు పక్కన కూర్చుని ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. “గా లంగ పిల్లను ఇడిచిపెడితె, మిగిలిన ముగ్గురిల మీ చెల్లె ఎవలు వకీల్ సాబ్?”

నేను కూడా అటు చూశాను. మూడు తెల్లచీరలు, మూడు ఉత్త నుదుళ్ళు. దూరం నుంచి నిజంగానే తెలియడం లేదు.

“మంచిగ ఆడుతున్నది చూడుండ్రి,” అన్నాడు బాపు. “ఆమెనే.”

ఓడిపోయారు. రెండు సెట్లూ పోయాయి. ఇంటికి వచ్చి బ్యాటు కొట్టంలో తగిలించి, చిన్నత్త అక్కడే గడ్డిమోపు మీద కూర్చుండిపోయింది. నేను చెంబుతో నీళ్ళిస్తే గటగటా తాగి, “ఇన్నేండ్ల సంది అలసిపోతనే ఉన్న గాని బిడ్డా, గిట్ల ఎన్నడు అలసిపోలే,” అంది. ఆ రాత్రి వంట నన్ను కన్న అవ్వే చేసింది.

ఊళ్ళో మాటలు రాకుండా ఉంటాయా. వచ్చాయి. బాపు వాటిని కేసులు నడిచే కచేరీలోనే వదిలేసి వచ్చేవాడు, ఆడవద్దని మాత్రం అనలేదు. అనాల్సిన పనే రాలేదు. వేసవి దాటేసరికి డాక్టరుకు బదిలీ అయింది. ఒంటరిగా ఎవరితో ఆడుతుంది? రెండు వానాకాలాలకు కొట్టంలో పేగు తీగలు ఒక్కొక్కటే తెగిపోయాయి. చిన్నత్త మళ్ళీ పద్యం మధ్యలో కునకడం మొదలుపెట్టింది. నా పెళ్ళయి వచ్చేశాక కూడా ఆమె చాలా ఏళ్ళు ఉంది. ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒకటి విసురుతూనే కనబడేది. నాకింత అక్షరం, ఇంత భక్తి ఇచ్చిన ఆమెకు నేను తిరిగి ఇచ్చిందల్లా ఆ చెంబెడు నీళ్ళే.

మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పదకొండో నాడు నా బిడ్డ వచ్చి, ఎవరినీ అడగకుండా, నా నుదుట మళ్ళీ బొట్టు పెట్టింది. ఒక్కరూ నోరెత్తలేదు. దేవుడి దయ. బొట్టున్నామె ఎవరు, లేనామె ఎవరు అనే తేడాను చిన్నత్తకు ఆ ఎండ ఒక్క పూటలో చెరిపి చూపించింది. అదే పని చేయడానికి కాలానికి అరవై ఏండ్లు పట్టింది.