సముద్రంల ఎర్తు ఏడ పెట్టిండ్రు?

నా జీవితంలో ఎక్కువ భాగం ఒకే ఒక్క మాట అడుగుతూ గడిచింది: ఎందుకు? బాణామతి చేసిందని ఒక ముసలామెను ఊరంతా కలిసి నిలబెట్టిన చోట అడిగాను. గాలిలోంచి విబూది తీసే బాబా ముందు కూర్చుని అడిగాను. మహబూబాబాద్‌లో చర్చ పెట్టిన ప్రతిచోటా, మైకు ఇస్తే మైకులో, ఇవ్వకపోతే గొంతుతో అడిగాను. ఆ మాట వల్ల కొందరు మిత్రులు దొరికారు, చాలామంది చుట్టాలు దూరమయ్యారు. దానికి నేనెన్నడూ చింతించలేదు. కానీ ఒకసారి ఓడ మీద ఆ మాటను తప్పుగా వాడాను. సరైన ప్రశ్న అడిగింది బడి మొహం చూడని మా అక్క. ఆమె ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పిన మనిషి ఒకడున్నాడు. ఆ ఇద్దరికీ కృతజ్ఞత చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అక్క చెవులు జనగామలో పోయాయి. పెళ్ళయి అక్కడికి వెళ్ళి, ఇరవై ఏండ్లు పత్తి మిల్లులో, దూదినీ గింజనూ విడదీసే యంత్రాల పక్కన పనిచేసింది. ఆ మోత చెవుల్ని ఒక్కరోజులో తినదు, కొంచెం కొంచెంగా తింటుంది. బావ పోయాక మహబూబాబాద్‌లో నా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు తలుపు బాదినా వినిపించేది కాదు. అప్పటినుంచి పదిహేనేండ్లు నేనే ఆమె చెవిని. ఎవరేం మాట్లాడినా నేను విని, కుదించి, ఆమె చెవి దగ్గర అరిచి చెప్పేవాణ్ణి. పావుగంట మాట్లాడిన మనిషిని నాలుగు మాటల్లో తేల్చేసేవాణ్ణి. "గంతసేపు మాట్లాడిండు, గింతేనా?" అనేది అక్క. గింతే అనేవాణ్ణి.

పోయినేడు చెవి మిషన్లు వచ్చాయి. పెట్టుకోనని మూడు నెలలు మొండికేసింది. ముసలిదానికి సోకులా అని నలుగురూ నవ్వుతారంది. చివరికి ఒకరోజు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. పక్కింటామె వచ్చి కోడలి మీద చెప్పుకున్నదంతా ఒక్క మాట పోకుండా వింది. ఆమె వెళ్ళిపోయాక నావైపు తిరిగి, "ఇన్నేండ్లు నువ్వు నాకు సగం గూడ చెప్పలే గదరా" అంది. కోపంగా కాదు. కొత్తగా ఏదో కనిపెట్టినట్టు.

ఆ సంతోషంలోనే ఓడ ప్రయాణం పెట్టుకున్నాను. మాది డోర్నకల్ జంక్షన్. రైళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళం కానీ అక్క సముద్రం చూడలేదు. చెన్నైలో ఎక్కి, నాలుగు రాత్రులు నీళ్ళ మీద ఉండి, మళ్ళీ చెన్నైలోనే దిగే ఓడ. నేను పట్టుబడితే ఒప్పుకుంది.

సామాను సర్దుతుంటే తెలిసింది, ఈ కాలపు మనిషికి అన్నం కన్నా కరెంటు ఎక్కువ కావాలని. రెండు ఫోన్లు, చార్జింగు టార్చిలైటు, అక్క వద్దన్నా వినకుండా పెట్టుకున్న దోమల బ్యాటు, అన్నిటికన్నా ముఖ్యంగా చెవి మిషన్ల డబ్బా. పడుకునే ముందు మిషన్లు తీసి ఆ డబ్బాలో పెడితే తెల్లారేసరికి చార్జి నిండుతుంది, ఒక పగలు పనిచేస్తాయి. డబ్బాకున్న తీగ ఊడదు, దాని చివర మూడు పిన్నుల ప్లగ్గు. ఓడ గదుల్లో గోడకు ఒకే చోట, మన పిన్నులు దూరని విదేశీ రంధ్రాలుంటాయని ఎవరో చెప్పారు. అందుకని మహబూబాబాద్‌లో కరెంటు సామాన్ల దుకాణానికి పోయి జంక్షన్ బాక్సు కావాలన్నాను. నాలుగైదు ప్లగ్గులు ఒకేచోట పెట్టుకునే బోర్డును మా దిక్కు జంక్షన్ బాక్సే అంటారు. దుకాణాయన నవ్వి, "డోర్నకల్ సారుకు జంక్షన్ లేకుంటే ఎట్ల నడుస్తది" అంటూ అన్నిటికన్నా పెద్దది తీశాడు. విదేశీ రంధ్రాల్లో దూరే ప్లగ్గు దానికే ఉంది. ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. "ఇండ్ల సర్జ్ ఉన్నది సార్. ఎంత కరెంటొచ్చినా మీ సామాన్లకేం గాదు" అన్నాడు.

సర్జ్ అంటే ఏమిటని నేనడగలేదు. ఆ మాటలో ఏదో బలముంది. కొన్నాను.

ఇంటికి తెస్తే అక్క దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. అరగంట వాదించాను. ప్లాస్టిక్ డబ్బాకు బొట్టు పెడితే కరెంటు మంచిగ వస్తుందా అన్నాను. చెవి మిషన్లు ఉన్నాయి కాబట్టి అంతా విని, "కొత్త వస్తువురా, ఉండనియ్యి" అంది.

ఓడ ఎక్కే చోట సంచులు తనిఖీ చేస్తున్నారు. అక్కడున్న అమ్మాయి దోమల బ్యాటును చూసి నవ్వి పక్కన పెట్టింది, జంక్షన్ బాక్సును మాత్రం చేతిలోకి తీసుకుంది. ఇది లోపలికి తీసుకుపోకూడదని, దిగేటప్పుడు తిరిగి ఇస్తామని చీటీ రాసింది. ఎందుకన్నాను. రూలు సార్ అంది.

ఆ మాట చాలు నాకు. కారణం చెప్పలేని రూలుకూ కారణం చెప్పలేని ఆచారానికీ తేడా ఏమిటని మొదలుపెట్టాను. ఎవరు పెట్టారు, ఏ రుజువు మీద పెట్టారు, కాగితం చూపించమన్నాను. ఆ అమ్మాయికి తెలియదు. తన పై అధికారి చెప్పాడంది. మా ఊళ్ళలో పూజారీ అదే అంటాడమ్మా అన్నాను. వెనక వరుసలోంచి ఎవరో, "మాస్టారూ, మీ ఉపన్యాసం అయ్యేలోపు ఓడ వెళ్ళిపోద్దండీ" అన్నారు. అందరూ నవ్వారు. బాక్సు అక్కడే ఉండిపోయింది, బొట్టుతో సహా.

గదిలోకి పోయి చూస్తే గోడలో గుండ్రటి గుంట, దాని లోపల రెండు రంధ్రాలు. ఫోన్ల ప్లగ్గులు సన్నవి, ఎట్లాగో దూరాయి. చెవి మిషన్ల మూడు పిన్నులు దూరే దారి లేదు. కింద కౌంటరుకు పోయి అడిగితే, మార్చిపెట్టుకునే ప్లగ్గులన్నీ ముందొచ్చినవాళ్ళు తీసుకున్నారని, ఎవరైనా తిరిగి ఇస్తే రేపు చూస్తామని అన్నారు. ఆ పూట మిషన్లు చార్జి కాలేదు.

మర్నాడు పదకొండు గంటలకు మేం ఓడ పైభాగాన కుర్చీల్లో ఉన్నాం. అక్క సముద్రాన్ని చూస్తోంది. ఉన్నట్టుండి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. రెండోది కూడా ఆగిపోయింది. తీసి, కొంగుతో తుడిచి, రుమాల్లో మూటగట్టింది.

"ఇవి నాకు అచ్చిరాలే. ఇంటికి పోయినంక ఇచ్చిన కాడ ఇచ్చెయ్యి," అంది. చెవులు పనిచేయనప్పుడు ఆమె గొంతు పెద్దదవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. అది గమనించి తల దించుకుంది.

నాకు భయమేసింది. అక్క ఒకసారి వద్దనుకుంటే వద్దే. ఈ నాలుగు రోజులు మూటలో ఉంటే ఆ మిషన్లు మళ్ళీ చెవికెక్కవు. నేను మళ్ళీ ఆమె చెవినవుతాను. ఆమె మళ్ళీ నాలుగు మాటల మీద బతుకుతుంది.

మళ్ళీ కౌంటరుకు పోయాను. ఈసారి గొంతు బాగానే లేచింది. చెవిటి మనిషి పరికరానికి కరెంటు ఇవ్వని రూలు ఏం రూలని నిలదీశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక గదికి ఎలక్ట్రీషియన్‌ను పంపారు.

ముప్పై అయిదేండ్ల మనిషి, నీలం రంగు బట్టలు, నడుముకు పనిముట్ల పటకా. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నా బాక్సు నాకు తెచ్చివ్వమన్నాను, లేదా ఎందుకివ్వరో శాస్త్రం ప్రకారం చెప్పమన్నాను. అతను ఇంగ్లీషులోనే నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. మంచం మీద కూర్చున్న అక్క ఇద్దరి పెదవులూ చూసి చూసి విసిగి, "ఏమంటుండురా వాడు?" అని గట్టిగా అడిగింది.

అతను ఆగిపోయాడు. ఆమె ముందుకు వచ్చి, నోరు పెద్దగా తెరుస్తూ అన్నాడు: "వాడెవడో గాదు పెద్దమ్మా, మీ దిక్కోన్నే. మాది ఘనపూర్."

"స్టేషన్ ఘనపూరా?" అన్నాన్నేను. జనగామ దిక్కు ఒక ఘనపూర్ ఉంది.

"కాదు సార్, ములుగు ఘనపూర్. భూపాలపల్లి దిక్కుది. బాపు బొగ్గు బాయిల పనిచేసిండు."

ఆ తర్వాత ఇంగ్లీషు అవసరం రాలేదు. అతను చాలాసేపు చెప్పాడు. విని, అలవాటు ప్రకారం అక్క చెవి దగ్గర అరిచాను: "మన బాక్సు పెడితే మంటలంటుకుంటయట. ఓడల ఎర్తు వేరేనట."

"గంతసేపు మాట్లాడిండు, గింతేనా?"

"గింతే."

ఆమె ఊరుకోలేదు. ఆమెకు ఎర్తు అంటే తెలుసు. చిన్నప్పుడు మా చేని దగ్గర మోటరు పక్కన ఇనుప కడ్డీ పాతిన గుంట ఉండేది. ఎండాకాలం నేల ఎండితే మోటరు ముట్టుకున్నవాళ్ళకు జిల్లుమనేది. ఆ గుంటలో పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు పోసే పని అక్కది. ఉప్పు కూడా వేసేది. ఎందుకని అడిగితే, తడి ఉంటేనే నేల కరెంటును తాగుతదని నాకు చెప్పింది ఆమే. ఆ సంగతి ఇన్నేండ్లలో నేనెప్పుడూ తలుచుకోలేదు.

"గిక్కడ ఎటుచూసినా నీళ్ళే గద, ఉప్పునీళ్ళు," అంది. "నేలనే లేకపాయె. మరి సముద్రంల ఎర్తు ఏడ పెట్టిండ్రో అడుగు."

నాకు సిగ్గేసింది. అడక్కుండా దాటేద్దామనుకున్నాను. అతనే విన్నాడు. పనిముట్ల పటకా విప్పి కింద పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"గీ ఓడల ఏడేండ్ల సంది చేస్తున్న సార్. రూలెందుకని కొట్లాడిండ్రు గని ఎర్తు ఏడున్నదని ఎవ్వలడగలే."

నేను అడిగింది ఓడించడానికి, ఆమె అడిగింది తెలుసుకోవడానికి. ఎర్తు గురించి అతని నోట వింటుండగానే ఆ తేడా నాకు తెలిసిపోయింది. అక్క బాక్సుకు బొట్టు పెట్టినందుకు అరగంట వాదించిన నేను, సర్జ్ అన్న మాటకు మాత్రం అక్కడికక్కడే దండం పెట్టాను. ఆ మాటలో ఏముందో నాకూ తెలియదు, దుకాణాయనకూ తెలియదు. తనిఖీ చేసిన అమ్మాయికి తెలియకపోవడం తప్పని నేనెట్లా అన్నాను?

అక్క వైపు చెయ్యి చాచి, మిషన్ల డబ్బా చూపించమన్నాడు. ప్లగ్గు చూసి, తన గదికి పోయి వస్తానని లేచాడు. పది నిమిషాల్లో వచ్చాడు. చేతిలో చిన్న తెల్ల ప్లగ్గు, ఒకవైపు మూడు రంధ్రాలు, ఇంకోవైపు రెండు గుండ్రటి పిన్నులు. లైటు లేదు, సర్జ్ లేదు. అది ఓడవాళ్ళది కాదు, అతని సొంతది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫోను చార్జరుకు వాడుకునేదట. దిగేదాకా ఉంచుకొమ్మన్నాడు. మరి నీకెట్లా అంటే, తోటివాళ్ళది ఒకటుందని, పంచుకుంటామని అన్నాడు. ఇంకో మాటకు చోటివ్వకుండా గోడకు పెట్టేశాడు. అక్క రుమాలు మూట విప్పి మిషన్లు డబ్బాలో పెట్టింది. డబ్బా మీద పచ్చ చుక్క వెలిగింది.

పోతాడనుకున్నాను. పోలేదు. పని గంట అయిపోయిందట. చార్జి ఎక్కేదాకా వాళ్ళ నాయిన సంగతి చెప్పాడు. బాయి దిగే ముందు ప్రతి మనిషి జేబులూ తడుముతారు, బీడీ, అగ్గిపెట్టె ఏమున్నా అక్కడే పెట్టి దిగాలి. "నలభై ఏండ్ల మనిషి జేబుల చెయ్యి పెట్టి చూస్తరు సార్. ఎవ్వలూ నారాజ్ గారు, కోపం జెయ్యరు. కిందికి పోయినోనికి ఎందుకో ఎరికే." నేను దాన్ని అక్కకు చేరవేయబోతే ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. డబ్బా వైపు చూపించింది. ఇంకో అరగంట ఆగాలన్నట్టు.

ఆ అరగంటా గడిచింది. తర్వాత అక్క డబ్బా తెరిచింది. మిషన్లు తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, ఒకటొకటిగా చెవులకు పెట్టుకుంది. తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇగ చెప్పు బిడ్డా," అంది, మామూలు గొంతుతో. "మొదటికెల్లి చెప్పు."

అతను నిజంగానే మొదటి నుంచి చెప్పాడు. మన ఇండ్లలో రెండు తీగలుంటే ఒక దాంట్లోనే కరెంటు ఉంటుందని, రెండోది ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాడనే నేలకు కట్టేసి ఉంటుందని. ఇక్కడ రెండు తీగల్లోనూ కరెంటేనని, రెంటిలో దేన్నీ ఎర్తుకు కట్టలేదని. ఈ ఇనుప ఓడ ఒళ్ళే ఎర్తని, ఆ ఒళ్ళు నీళ్ళలోనే మునిగి ఉందని. ఒక తీగ పొరపాటున ఇనుముకు తగిలినా ఇంజను దగ్గరి పంపులు, దీపాలు ఆగిపోకూడదని అట్లా చేశారని. ఆ సర్జ్ బాక్సు లోపల తీగల నుంచి ఎర్తుకు దొంగదారి ఒకటుంటదని, తీగ ఎక్కడన్నా ఇనుముకు తగిలిన పూట ఆ దారిన కరెంటు పోయి బాక్సు కాలుతదని. నడి సముద్రంలో మంటలంటుకుంటే ఉరుకడానికి చోటుండదని. మధ్యలో అక్క రెండుసార్లు ఆపి అడిగింది. ఉప్పునీళ్ళు కాబట్టి ఇంకా మంచి ఎర్తా అంది. అవును పెద్దమ్మా అన్నాడు. మరి గా రెండు తీగలల్ల ఒకటి తగిలిందని మీకెట్ల ఎరికైతది అంది. కింద గంట మోగుతది, మోగంగనే ఏడ తగిలిందోనని మేం ఓడంతా దేవులాడుతం అన్నాడు. ఎన్నిసార్లు మోగిందని అడిగింది. అతను వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ మాటలన్నీ నేను ఇందాక రెండు ముక్కల్లో చెప్పినవే. పదిహేనేండ్లలో మొదటిసారి, అక్క కొత్త మనిషితో మాట్లాడుతుంటే ఆ గదిలో నాకు చేసే పనేమీ లేదు. అతను వాళ్ళ నాయిన బాయి సంగతి మళ్ళీ మొదలుపెట్టాడు, ఆమె తన మిల్లు సంగతి. నేను వింటూ ఉన్నాను.