సబ్‌స్టేషన్ గోడలు కొలిచిన రోజు

కోరుట్ల దగ్గర ఒక పంచాయతీలో ఇంటిపన్ను లెక్కగట్టే పనిలో నేను కొత్తగా చేరినప్పుడు మా చర్చి సంఘ పెద్దలు సంతోషించారు. పన్నులు వసూలు చేసేవాళ్లతో కూడా ప్రభువు కూర్చుని భోంచేశాడని, సిగ్గుపడాల్సిన పని కాదని ఆరాధన అయ్యాక భుజం తట్టి చెప్పారు. నాకున్నది సిగ్గు కాదు, భయం. అవి అన్నల కాలపు రోజులు, నక్సలైట్లను ఊళ్లలో అలాగే పిలిచేవారు. చేతిలో టేపు, కాగితం పట్టుకుని తిరిగే కొత్తమనిషిని అందరూ అనుమానంగానే చూసేవారు.

ఒకరోజు ఊరి చివరి కరెంటు సబ్‌స్టేషన్‌కు పన్ను లెక్కగట్టే పని నా మీద పడింది. ఇల్లయితే, కిరాయికిస్తే ఎంత వస్తుందో అంచనా వేసి పన్ను నిర్ణయిస్తాం. దీనికీ అదే పద్ధతి అన్నారు ఆఫీసులో. యంత్రాలు లెక్కలోకి రావు, గోడలు, కప్పు మాత్రమే చూడమన్నారు. గేటు తెరిచే ఉంది. ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్లి కొలవడం మొదలుపెట్టాను. కంట్రోల్ రూం, బాత్రూం, ప్రహరీ గోడ కాగితం మీద గీసుకుంటుండగా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ కాగితాన్ని లాక్కుంది.

చెయ్యి ఆపరేటర్‌ది. పక్కన కర్ర పట్టుకుని వాచ్‌మన్.

“ఎవలు నువ్వు? గీ నక్ష ఎవలకు?”

“పంచాయతీ మనిషిని సార్. ఇంటిపన్నుకు కొలుస్తున్న.”

“ఇంటిపన్నా? మేం గీడ సంసారం చేస్తున్నమా?”

కిరాయి అంచనా సంగతి చెప్పాను. ఆపరేటర్ హోరుమంటున్న ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాడు.

“గీ మోతల ఎవడు పంటడు కిరాయికి? సరే, దాన్ని కొలిచినవా?”

“అది లెక్కకు రాదు సార్.”

“గంత పెద్దది లెక్కకు రాదు, బాత్రూం వస్తదా?” అని వాచ్‌మన్ వైపు తిరిగాడు. “అన్నల మనిషే. పేల్చనీకి జాగ చూస్తున్నడు.”

లోపలికి లాక్కెళ్లి, పోలీస్ స్టేషన్‌కు చెప్పడానికి ఫోను ఎత్తాడు. నాకింకా గుర్తింపు కార్డు ఇవ్వలేదు. అనుమానం మీద స్టేషన్‌కు పోయినవాడు ఎప్పుడు ఇల్లు చేరతాడో ఎవరూ చెప్పలేని రోజులవి. ఇంతలో వాచ్‌మన్ నా సంచిలోంచి నల్ల అట్ట బైబిల్ తీశాడు.

“సార్, చర్చోళ్ల లెక్కున్నడు.”

“పుస్తకం ఎవడన్న పెట్టుకుంటడు. అన్నలు దేవుణ్ణి మొక్కరు గద. ఏదీ, ప్రార్థన చెయ్, చూస్త.”

కళ్లు మూసుకున్నాను. మొదటి నాలుగు మాటలు ప్రార్థన కాదు, వణుకు. తర్వాత నాలుక దారిన పడింది. మా సంఘంలో ప్రార్థనకు ఒక వరుస ఉంది. ముందు స్తుతి, తర్వాత సృష్టి, ఆ తర్వాత పాలకులు, రోగులు, ప్రయాణికులు. మధ్యలో ఏదీ వదలకూడదు. నేను వదల్లేదు. వెలుగు కలుగును గాక అన్న తొలి మాట దగ్గర మొదలుపెట్టి, చీకట్లో జనాన్ని నడిపించిన అగ్నిస్తంభం మీదుగా, జగిత్యాల, సిరిసిల్ల దాకా కరెంటు పోయే తీగలను, స్తంభాలెక్కే లైన్‌మెన్‌ను దీవించమని అడిగాను. సిరిసిల్ల మరమగ్గాలు ఆగకూడదని కూడా అడిగాను.

“ఆమెన్ ఎప్పుడంటడే?” అని ఆపరేటర్ గొణిగాడు.

“నాకేం ఎరుక సార్. మధ్యల ఆపితే పాపమేమో.”

రోగుల దగ్గరికి వచ్చేసరికి ఆపరేటర్ ఫోను పెట్టేసిన చప్పుడైంది.

“సాలు తమ్మీ, నమ్మిన. గంటగంటకు మీటర్ల రీడింగ్ రాయాలె నేను. గంట దాటిపాయె.”

నేను ఆమెన్ అన్నాను. అంత మనస్ఫూర్తిగా అంతకు ముందెన్నడూ అనలేదు. ప్రభువు నన్ను ఇంటికి పంపిస్తున్నాడని అర్థమైంది. ఆపరేటర్ రీడింగులు రాసుకుని, కొలతల కాగితం మీద సంతకం పెట్టి, మిగిలిన గోడకు టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు.

గేటు దాటుతుంటే వాచ్‌మన్ వెంట వచ్చాడు.

“అన్నా, అందరి గురించి చెప్పినవు. నా మోకాళ్ల నొప్పి ఇడిసిపెట్టినవు.”

సంచి కింద పెట్టి, మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఆపరేటర్ కంట్రోల్ రూం కిటికీ మూసేసిన చప్పుడు వినబడింది.