మనీప్లాంట్ కింది ఆకులు

బాల్కనీలో మనీప్లాంట్ కింది ఆకు పసుపుపచ్చగా మారడం మొదట చూసింది నేనే. అప్పటికి పాపకి మూడో నెల. జలుబు పట్టి, పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఏడ్చేది. ముక్కు మూసుకుపోయి ఊపిరందక ఏడుస్తోందని డాక్టరమ్మ చుక్కల మందు రాసింది. "బరువు కాస్త తక్కువుంది, చూసుకోండి" అంది. ఆ "చూసుకోండి" అన్న మాటొకటి పట్టుకుని ఇంటికొచ్చాను. వచ్చేసరికి కుండీ పక్కన గచ్చు మీద ఆ ఆకు రాలి ఉంది.

ఇంకో మొక్కదైతే ఊడ్చి పారేసేదాన్ని.

పాపకి ముందు నా కడుపులో ఇంకో బిడ్డ ఉండేది. ఆ కబురు తెలియగానే మా అమ్మ స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లోని తన పెరటి నుంచి ఒక తీగ తుంచి, నీళ్ళసీసాలో పెట్టి తెచ్చింది. కొత్త ఆకు విచ్చుకున్నప్పుడల్లా నేను పొట్ట మీద చెయ్యి వేసుకునేదాన్ని. ఆరో నెలలో స్కానింగ్ గదిలో అమ్మాయి ఏమీ చెప్పకుండా తెరని అటు తిప్పేసింది. ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో ఇంటికొస్తే తీగకి ఇంకో ఆకు వచ్చి ఉంది. పీకి పారెయ్యాలనిపించింది. నీళ్ళు పోశాను.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆకులు మాత్రం తుడిచేదాన్ని. రేవు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము మా ఇంట్లో అన్నిటి మీదా పేరుకుంటుంది, ఆరేసిన పొత్తిగుడ్డల మీద కూడా. తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంటే ఎవరికో మొహం కడుగుతున్నట్టుండేది.

ఇప్పుడు రాలుతున్నవి ఆ నెలల్లో వచ్చిన ఆకులే.

డిగ్రీలో నేను బోటనీ చదివాను. వేళ్ళకి తిండి చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లోని సత్తువ లాగి కొసన చిగురుకి పంపుతుందని, నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా ముందు పోయేవి కిందివేనని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నీళ్ళు తగ్గించాను. కుండీని వెలుతురులోకి జరిపాను. ఇంకో ఆకు పండింది. ఆ రోజే పాప తాగిన పాలన్నీ కక్కేసింది. ఆ బిడ్డ ఈ బిడ్డని పిలుస్తోందేమో అని ఒక ఊహ వచ్చింది. వచ్చింది పోలేదు.

మా అత్తగారిది తగరపువలస దగ్గర పల్లె. నేను పుట్టింటి నుంచి పాపతో తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మాతోనే ఉంటోంది. వచ్చిన కొత్తలోనే పాపని ఒళ్ళో వేసుకుని, "గుంటకి దిస్టి తియ్యాలే" అంది.

"అవన్నీ ఎందుకత్తయ్యా, డాక్టర్లున్నారు కదా" అన్నాను.

ఆవిడ మూతి తిప్పి, "సదువుకున్నోల్లకి దిస్టి తగల్దు కామోసు" అంది. మళ్ళీ అడగలేదు.

ఆకులు రాలుతున్నకొద్దీ నాకే ఆగలేదు. ఆవిడ స్నానానికి వెళ్ళగానే గుప్పెట్లో కల్లుప్పు పట్టుకుని పాప చుట్టూ తిప్పేదాన్ని, చిన్నప్పుడు మా అమ్మ నాకు తిప్పినట్టే. తిప్పిన ఉప్పుని నీళ్ళలో కలిపి ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. రెండో అంతస్తు అద్దెవాటాలో అలాంటి చోటేది? వంటింటి సింకులో అన్నం గిన్నెలు కడుగుతాం. బాత్‌రూమ్‌లో అందరం తొక్కుతాం. కిటికీలోంచి పోస్తే కింద జనం. ఎవరి కాలూ పడని మట్టి మా ఇంట్లో ఆ కుండీలో మాత్రమే ఉంది. అంత మట్టిలో గుప్పెడు ఉప్పు ఏం చేస్తుందిలే అనుకున్నాను. పోసిన పూట పాప కాస్త నిమ్మళంగా పడుకున్నట్టనిపించేది. మర్నాటికి ఇంకో ఆకు పండేది. నేను ఇంకో గుప్పెడు తిప్పేదాన్ని.

ఒక సాయంత్రం పాపనెత్తుకుని బాల్కనీలోకి వెళ్తే అత్తయ్య కుండీ మీదికి వంగి చెంబు వంపుతోంది.

"ఏంటత్తయ్యా అది?"

"ఏటీ లేదే. నీల్లు."

"పొద్దున్న నేను పోశాగా."

ఆవిడ చెంబుని పైటచెంగు కింద దాచబోయింది. అడుగున కరగని ఉప్పురాళ్ళు గలగలమన్నాయి.

"ఏటలా సూత్తన్నావ్? గుంట కోసమే కదా. ఒద్దన్నావని నీకు సెప్పలేదు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పిల్లనెట్టుకుని ఒచ్చిన కాడ్నించీ. రోజూ సందేల."

"నేనూ పోస్తున్నాను అత్తయ్యా."

"నువ్వేటి పోత్తన్నావ్?"

"ఉప్పే."

"ఓలమ్మో!" అని అక్కడే గచ్చు మీద కూలబడి నవ్వింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్న మా ఆయన అంతా విన్నాడు.

"బాగుంది. అత్తా కోడలూ కలిసి దాన్ని ఊరగాయ పెట్టీసినారు."

"నువ్వు నోర్ముయ్‌రా, సాక్సులు కంపు కొడతన్నాయి" అంది వాళ్ళమ్మ.

నేనూ నవ్వాను. నవ్వుతూనే కుండీ అంచు గోకాను. ఎప్పట్నుంచో సున్నమనుకుని వదిలేసిన తెల్లటి పెచ్చు గోటికి వచ్చింది. నాలుక మీద పెట్టుకున్నాను. ఇక నవ్వు రాలేదు. ఉప్పెక్కిన మట్టిలో ఎన్ని నీళ్ళున్నా వేరు తాగలేదు. ఇన్నాళ్ళూ ఆ తీగ దాహంతోనే ఉంది.

పాపని మా ఆయనకిచ్చి, అత్తయ్యా నేనూ కుండీని బాత్‌రూమ్‌లోకి మోసుకెళ్ళాం. నేను మగ్గులతో నీళ్ళు పోస్తుంటే అడుగు కన్నంలోంచి ఉప్పునీళ్ళు కారిపోతున్నాయి. మట్టి కొట్టుకుపోకుండా అత్తయ్య అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దదానికి గొంతెండిపోయుంటాది. పొయ్యే, ఇంకా పొయ్యే."

నా చేతిలో మగ్గు ఆగిపోయింది. "ఏమన్నారు?"

ఆవిడ తలెత్తలేదు. "ఆ గుంట నీకొక్కదానికే అనుకున్నావేటే?" అంది.

పాప జలుబు తగ్గింది. పాలు వదలకుండా తాగుతోంది. తీగ కొసన చుట్టుకుని ఉన్న చిగురొకటి కనిపిస్తోంది. ఆ నెలల ఆకుల్లో మాత్రం ఒక్కటే మిగిలింది, సగం పండి. పండిన ఆకు మళ్ళీ పచ్చబడదని నాకు తెలుసు. తుంచెయ్యనా అని అడిగితే అత్తయ్య, "దానికదే రాలనీ" అంది.

దిష్టి మానలేదు. ఇప్పుడిద్దరం కలిసే తీస్తున్నాం. ఉప్పు పొట్లం కట్టి మా ఆయన చేతికిస్తే, డ్యూటీకి వెళ్తూ సముద్రంలో వేస్తున్నాడు. నిన్న అత్తయ్య పాప చుట్టూ తిప్పిన గుప్పెట విప్పకుండా అలాగే బాల్కనీలోకి నడిచి, కుండీ చుట్టూ కూడా తిప్పింది. నేను చూస్తున్నానని ఆవిడకి తెలుసు.

పాప పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక రేవులో ఓడ కూత వేసింది. అది ఆగిపోయాక బాల్కనీ వైపు చిన్న చప్పుడేదో వినబడింది. ఆ మిగిలిన ఆకేనేమో. గాలి కూడా కావచ్చు. లేచి చూడాలి. పాప ఊపిరి ఇంకోసారి విని వెళ్తాను.