యాదవ్వ విత్తనపు కాయ

యాదవ్వ మొగుణ్ని ఒక్కసారే కొట్టింది, అదీ పుదీన కుండలో ఉమ్మినందుకు. పక్కింటి మేక బచ్చలి కొరికితే దాని కాలు విరగ్గొట్టింది. మంథని దగ్గరి ఆ ఊళ్ళో ఆమెను చూస్తే కుక్కలు కూడా వాడకట్టు మారేవి.

ఇంటి వెనక ఆమెకున్న జాగాలో నులకమంచం వేస్తే మనిషి నిలబడే చోటుండదు. అందులోనే పగిలిన కుండల్లో పుదీన, కొత్తిమీర, అడుగు ఊడిన బిందెలో మిరప, గోడవార పుంటికూర. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు అన్నీ వాటికే. మూలన పెట్టిన సొరతీగ ఇంటి పెంకులన్నీ కమ్మేసేది. ఆ విత్తనం తల్లి కొంగున కట్టి అత్తగారింటికి పంపింది. తల్లి పోయింది, పుట్టిల్లు కూలింది, మొగుడూ పోయాడు. తీగ మాత్రం ఏటేటా లేచింది. అందుకే అన్నిటికంటే మంచి కాయకు పసుపు గుడ్డ కట్టి విత్తనానికి ఎండనిచ్చేది. గుడ్డ కట్టిన కాయను ఊళ్ళో ఎవరూ ముట్టరు.

ఎవరి కప్పు మీద కాసినా తొలికాయ దొర ఉండే గడీకి పోవాలి. డెబ్బై ఏడులోనూ తొలికాయ ముందే పోయింది. ఆ చలికాలంలో భూపాల్‌రావు దొర ఇంటికి చుట్టాలొచ్చారు. దొర మనిషి హనుమంతు గంపతో వచ్చి, తీగకు మిగిలిన ఒక్క కాయ మీద చెయ్యి వేశాడు.

"అన్నా, అది విత్తనపు కాయ. వండితె కట్టె లెక్కుంటది."

"వండేది నువ్వా? కాయ తెమ్మన్నడు దొర."

"పుంటికూర కోసుకపో, మిరపకాయలు కోసుకపో. గదొక్కటి విడువు."

"గడీతోని బేరమా? బాగ బలిసినవ్."

తెంపాడు. యాదవ్వ రోకలి ఎత్తింది. హనుమంతు మోచేయి పటుక్కుమంది. కాయ బండ మీద పడి పగిలి, గింజలు మట్టిలోకి చిమ్మాయి. వాడు రెండో చేత్తో ఆమె జుట్టు పట్టి గోడకేసి బాదాడు. కుండలు తన్నాడు, పుదీన వేళ్ళతో సహా లేచిపడింది. నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారుతుంటే ఆమె మోకాళ్ళ మీద పాకుతూ గింజలు ఏరింది. ఏరినవి ఏరినట్టే నోట్లో వేసుకుంది.

"ఉమ్ము. గింజలు గూడ దొరయే."

ఉమ్మలేదు. దవడ మీద తన్నాడు. ఉమ్మలేదు. మళ్ళీ తన్నాడు.

అలసిపోయి, వేలాడే చెయ్యి పట్టుకుని వాడు గడీ దారి పట్టాక, ఎదురింటి శంకరవ్వ నీళ్ళు తెచ్చింది. యాదవ్వ ఆమె అరచేతిలోకి ఉమ్మింది. రక్తం, గింజలు, రెండు పళ్ళు.

"నీ పండ్లు పోయినయ్ అక్కా."

"పోనియ్. సొరకాయ తినుటానికి పండ్లెందుకే."

శంకరవ్వ గింజలకు బూడిద అద్ది, పేడ ముద్దల్లో పొదిగి, పిడకల్లా తన గోడకే కొట్టింది. సాయంత్రం గడీ మనుషులు కట్టెలతో దిగారు. యాదవ్వ ఇంటి పెంకులు రాలగొట్టారు, తీగను పెరికి తగలబెట్టారు. పిడకల వైపు ఎవరూ చూడలేదు.

తొలకరికి పిడకలు చిదిపి రెండిళ్ళ దగ్గరా గింజలు నాటారు. యాదవ్వ ఇంటి పెంకుల్లేని వాసాల మీదికి తీగ పాకింది. తొలికాయ కాసిన నాడు హనుమంతు వంకర చేతికి గంప తగిలించుకుని వచ్చాడు. యాదవ్వ పక్కన రోకలి పెట్టుకుని, గుమ్మంలోనే కూర్చుని ఆ కాయను ముక్కలు కోస్తోంది. తల కూడా ఎత్తలేదు.

వాడు శంకరవ్వ ఇంటి వైపు తిరిగాడు. అక్కడా కప్పు మీద కాయ ఉంది. గుమ్మంలో రోకలీ ఉంది.