డేగిసా తిరిగి ఇవ్వని సిస్టరమ్మ

సిస్టరమ్మగారు మొన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. కబురు చెప్పింది మా వీధి చివరి టైలరమ్మ. ఫోనెత్తగానే "మేడమ్, మన సిస్టరమ్మ లేదు" అంది.

మిషన్ ఆస్పత్రిలో నర్సుగా రిటైరైన ఆవిడే మా నరసన్నపేటలో మహిళా సేవా క్లబ్బును నడిపారు. ఊళ్లలో కంటి శిబిరాలు, వేసవిలో హైవే పక్కన మజ్జిగ చలివేంద్రం. ఇలాంటి క్లబ్బులు మొదలవడం తేలిక, మనుషులు నిలవడమే కష్టం. మా క్లబ్బులో నిలిచారు. నేనూ నిలిచాను. నన్ను నేను ఎరిగినంతలో అది చిన్న విషయం కాదు.

మేం ఈ వీధికి కొత్తగా వచ్చిన వేసవిలో ఆవిడ మా గేటు దగ్గర నిలబడి, "ఏటమ్మా, మీ ఇంట్లో పెద్ద డేగిసా ఉన్నాదా? మజ్జిగ కలపాల" అన్నారు. ఇచ్చాను. తిరిగి రాలేదు. వెతుక్కుంటూ చలివేంద్రానికి వెళ్తే, నా డేగిసా నిండా మజ్జిగ ఉంది.

"ఇప్పుడిచ్చీమంటే ఇదంతా నా నెత్తిన పోసుకోవాల! వచ్చావు కదా, ఆ గరిటట్టుకో."

పట్టుకున్నాను. క్లబ్బులో చేరడమంటే అదేనని చాలాకాలానికి గాని తెలియలేదు.

నా యూనివర్సిటీ చదువు నన్ను ఊరుకోనిస్తుందా? సభ్యత్వాలు పెంచాలంటే ఒక సభ పెట్టాలని, సేవ గురించి ప్రసంగాలుండాలని నేను పట్టుబట్టాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. "బాగుంది. నువ్వు మాట్లాడుతుండు. ఈలోగా నేనెళ్లి ఆ మూలింటావిడ జల్లెడట్టుకొస్తాను." సభకొచ్చిన వాళ్లు పకోడీలు తిని, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. జల్లెడ కోసం వచ్చిన మూలింటావిడ ఇప్పటికీ మాతోనే ఉంది.

ఒకసారి వేదిక మీద తన పేరు పిలవలేదని టైలరమ్మ అలిగి రావడం మానేసింది. వెళ్లి బతిమాలదామన్నాం. "బతిమాల్తే ఇంకా బిగుసుకుంటాది. అడిగితే ఇస్తాది" అని సిస్టరమ్మ వెళ్లి ఆమె కత్తెర అడిగి తెచ్చారు. దాంతో మా చేత రంగు కాయితాలు కత్తిరించడం మొదలుపెట్టించారు. సాయంత్రానికి టైలరమ్మ ఊడిపడింది.

"ఓలమ్మా! గుడ్డల కత్తెర్తో కాయితాలు కోస్తన్నారా? మీ సేతులు పడిపోనూ!"

"అయితే నువ్వే కొయ్యి" అన్నారు సిస్టరమ్మ, తలెత్తకుండా.

ఇది మనుషుల్ని మాయ చెయ్యడం కాదా అని నాకు అనుమానం. అడిగేశాను కూడా. ఆవిడ నవ్వలేదు. "ఆస్పత్రిలో రోగి పక్కనుండే వోళ్లకి గ్లాసో, విసనకర్రో సేతికిచ్చీదాన్ని. ఖాళీ సేతుల్తో మనిషి ఉండలేడమ్మా. వరండాలోకెళ్లిపోతాడు." సమాధానం దొరికిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను గాని, నేను వరండాలోకి వెళ్లిపోకుండా ఆపింది మాత్రం ఆవిడే.

చర్చిలో ప్రార్థన, సమాధి కార్యక్రమం అయ్యాక సిస్టరమ్మగారి అమ్మాయి వాళ్లింటి వెనక గది తలుపు తీసింది. ఇల్లు ఖాళీ చెయ్యాలట. "ఎవరివి వాళ్లు పట్టుకెళ్లిపోండి పిన్నీ" అంది. ఆవిడ మా అందరి దగ్గరా అడిగి తెచ్చిన బిందెలు, స్టూళ్లు, టార్పాలిన్, జల్లెడ. ఒక్కొక్కరం అందుకుంటుంటే గది ఖాళీ అవుతోంది. దాంతోపాటే క్లబ్బూ ఖాళీ అవుతోందనిపించింది. ఎవరి వస్తువు వాళ్లింటికి చేరిపోతే ఇక మళ్లీ కలవడానికి మాకు మిగిలేదేమిటి?

టైలరమ్మ కత్తెర చీరకొంగులో చుట్టుకుని గుమ్మంలో ఆగింది. "ఏటి మేడమ్, ఈ ఏడు మజ్జిగెడతామా, ఎట్టమా?"

అందరూ నా వైపే చూశారు. అలాంటి మాట ఎప్పుడూ ఆవిడ చెప్పేవారు.

నా డేగిసా చంకనెత్తుకుని ఎండలో ఇంటికి బయల్దేరాను. మా ఇంటికి రెండిళ్ల ముందు ఈమధ్యే ఎవరో అద్దెకు దిగారు. ఒక అమ్మాయి గుమ్మం కడుగుతోంది. పేరైనా తెలియదు. దాటి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాను.

"ఏమ్మా, మీ ఇంట్లో పెద్ద కవ్వం ఉందా?"

ఆ అమ్మాయి నన్నూ, డేగిసానూ ఎగాదిగా చూసి లోపలికి వెళ్లింది. దుమ్ము పట్టిన కవ్వాన్ని కొంగుతో తుడుస్తూ వచ్చి, డేగిసాలో నిలబెట్టింది.

"మా అత్తగారిదండి. ఎప్పుడిచ్చేస్తారు?"


నవ్వి, డేగిసా చంకలో సర్దుకున్నాను. నడుస్తుంటే డేగిసాలో కవ్వం అటూ ఇటూ తగులుతూ ఇంటిదాకా మోగుతూనే ఉంది.