తలుపు తిప్పుకున్న ఇల్లు

కరోనా తగ్గిన మరుసటేడు నన్ను అనంతపురం పక్కన పెరుగుతున్న ఒక చిన్న మున్సిపాలిటీకి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరుగా వేశారు. ఇళ్ల ప్లాన్లు చూడటం, ఆక్రమణలు తీయించడం, తలుపు నంబర్లు ఇవ్వడం మా పని. వీధి పేరు మార్చాలంటే విచారణా మాదే. కౌన్సిల్ తీర్మానిస్తుంది, మేము వీధిలో నోటీసు అంటిస్తాం, గడువులోపు వచ్చిన అభ్యంతరాలతో నివేదిక పంపుతాం, దాని మీద కౌన్సిల్ మళ్లీ కూర్చుంటుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది.

బోరింగు వీధికి చనిపోయిన ఒక నాయకుడి పేరు పెట్టాలని తీర్మానం వచ్చింది. చెరువుకు నీళ్లు తెప్పించినాడని సగం ఊరు ఆయనను పెద్దాయన అంటుంది. తక్కిన సగం ఆయన మాటొస్తే గొంతు తగ్గిస్తుంది. ఫ్యాక్షన్ రోజుల్లో ఆయన మనుషులు ఎన్ని కొంపలు ఆర్పారో వాళ్లకు తెలుసు. వీధిలో ఇప్పుడు పాత ఇళ్లు కొన్నే, మిగతావి అపార్టుమెంట్లు. వాటిలోకి కొత్తగా వచ్చినవాళ్లను అడిగితే, "ఎవరైతే ఏం మేడమ్, ఫోన్ మ్యాపులో కనపడితే చాలు" అన్నారు.

మూలింట్లో నాగమ్మ ఉండేది. యాడికి మండలం వైపు పల్లె నుంచి పిల్లలతో పారిపోయి వచ్చిన మనిషి. ఆమె భర్తను నాటుబాంబులతో చంపింది పెద్దాయన మనుషులేనని కేసు నడిచింది. సాక్షులు నోరు మెదపలేదు, కోర్టు కేసు కొట్టేసింది.

నోటీసు చదివి వినిపిస్తే నా మీద విరుచుకుపడింది. "ఏమ్మా, కట్టుకున్నోని పేరే నేను ఎన్నడూ నోటితో పలకలేదు. ఆయప్పను సంపించినోని పేరు దినామూ పలకల్నా? ఆస్పత్రిలో యాడుంటావంటే వాని పేరు, రేషనంగట్లో వాని పేరు! నేను సచ్చినాక రాసే కాగితంలో గూడా వాడే ఉండల్నా?"

ఈ మాటలే నివేదికలో రాశాను. మా టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ ఎర్రపెన్నుతో కొట్టేసి "అభ్యంతరాలు లేవు" అని రాశాడు. నోటిమాట అభ్యంతరం కిందికి రాదట, రాతపూర్వకంగా ఉండాలట. చదువు రాని మనిషి కడుపుమంట కూడా రాతపూర్వకంగా ఉండాలా అని అడిగాను. ఉద్యోగం చెయ్యమంటే ఉపన్యాసాలేమిటన్నాడు. నేనే వెళ్లి అర్జీ రాసి, వేలిముద్ర వేయించుకొచ్చి, ఆఫీసు ముద్ర కొట్టించి ఆయన టేబుల్ మీద పడేశాను.

కౌన్సిల్లో ఆ వార్డు సభ్యుడు నవ్వాడు. "ఏమక్కా, ముసిల్ది ఒకతి వద్దంటే ఊరంతా నిలబడల్నా? సచ్చినోళ్ల మీద పగేందక్కా?"

"సచ్చినోళ్లకు వీధులెందుకన్నా మరి?" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది గానీ తీర్మానం ఆగలేదు. అభ్యంతరాన్ని "నమోదు చేసుకుని" ఆమోదించారు. నీలం బోర్డు తెచ్చి, ఇంకెక్కడా చోటు లేనట్టు, నాగమ్మ వాకిలి పక్కనే పాతారు.

కొన్నాళ్లకు నాగమ్మ ఆఫీసుకొచ్చింది. "వాకిలి ఏ వీధిలోకుంటే ఇల్లు ఆ వీధిదేనంట గదమ్మా?"

ఔనన్నాను. నంబర్లిచ్చేటప్పుడు మా పద్ధతి అదే. పోయి చూస్తే, వీధి వైపు వాకిలిని బండలతో మూసేయించింది. పక్కన మురుగుకాలువ సందులోకి గోడ పగలగొట్టి కొత్త తలుపు పెట్టించింది. ఆ సందుకు పేరు లేదు. "దీనికెవని పేరూ పెట్టొద్దు తల్లీ, నీకు పుణ్యముంటాది" అంది. కంపు కొడుతున్న ఆ కాలువ గట్టున నిలబడే కొత్త నంబరు ఇచ్చాను.

స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఏ పేరు మార్పు విచారణకు పోయినా, ఆ పేరు రోజూ పలకాల్సినవాళ్లను ముందు అడిగాను, వాళ్లు చెప్పింది అక్కడే కూర్చుని అర్జీగా రాశాను. మా ఫైళ్లలో "అభ్యంతరాలు లేవు" అని ఉన్నచోట "అడగలేదు, అడిగినా రాయలేదు" అని చదువుకోవాలి. నాకు ఆ వీధి నేర్పింది ఇదే.